ఆఖరి బోరు

ఏళ్ళ తరబడి తిరగకుండా పడి ఉన్న ఇంజన్ దగ్గర వచ్చేది పెట్రోలు వాసన కాదు. పెట్రోలు ఎప్పుడో ఎగిరిపోయి ట్యాంకు అడుగున వార్నీషులాంటి జిగురు మిగులుతుంది. దానికి తుప్పు, ఎలుకల మూత్రం, ఎండిన గ్రీజు, ముక్కిపోయిన వరిపొట్టు, గోడకవతలి బర్రెల పేడ తోడై, ముక్కుకు పుల్లగా గొంతుకు చేదుగా తగిలే వాసన ఒకటి తయారవుతుంది. వీర్నపల్లిలో మా పెద్దనాయిన కొట్టంలో, బెంగుళూరు పెంకుల కింద, అంబాసిడర్ ఆ వాసనతోనే ఉండేది. వెనక సీటు మీద కోళ్ళు గుడ్లు పెట్టేవి. బానెట్ మీద కందికట్టెల మోపులు. డిక్కీలో గొర్రు పళ్ళు, తెగిన మోకులు, మోట కాలం నాటి ఇనుప బొక్కెన ఒకటి. ఇంట్లో ఎవరూ దాన్ని అపురూపంగా దాచలేదు, పారేయనూ లేదు. పైన ఎంత సామాను పెట్టినా కాదనని అరుగులా ఉండేది, కాలికి తగిలినప్పుడు తిట్టుకుని పక్కనుంచి పోయేవాళ్ళు.

అది మార్క్ 3. బెంగాల్లో ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీ నుంచి 1975 తర్వాత వచ్చిన రకం. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు ఉండేది, దాని అచ్చులు తెచ్చుకుని 1957లో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు అంబాసిడర్ మొదలుపెట్టారు, 2014 మే నెలలో ఆపేశారు. మధ్యలో ముఖం మార్చారు, దీపాలు మార్చారు, లోపలి 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌ని మాత్రం దశాబ్దాల పాటు ఇంచుమించు అలాగే ఉంచేశారు. దాన్ని ఇప్పుడు పాత ఘనత అంటున్నారు గానీ, బుకింగు చేసుకుని ఏళ్ళకేళ్ళు కాచుకున్న వాళ్ళకు అందులో ఘనత ఏమీ కనిపించి ఉండదు. ఇంకో కారు దొరకదు కాబట్టి ఆ కారు. స్పానరూ సుత్తీ ఉన్న ప్రతి చెట్టు కిందా అది బాగయ్యేది, నిజమే. బాగు చేయించకుండా నాలుగు వారాలు నడిచేది కాదు, అదీ నిజమే.

పెద్దనాయిన దాన్ని కొన్నది ఒక దొరల కుటుంబం దగ్గర. 1978 సెప్టెంబరు 7న దొరల మీద రైతుకూలీలు తిరగబడ్డ జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, అదే ఏడు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో గడీలకు తాళాలు వేసి దొరలు కరీంనగర్‌కూ హైదరాబాద్‌కూ వెళ్ళిపోతుంటే, మోసుకుపోలేని సామానంతా ఊళ్ళల్లో అగ్గువకు దొరికింది. తలుపులు, తూగుటుయ్యాలలు, ఇత్తడి గంగాళాలు, అట్లాగే ఈ కారు కూడా. కొత్తలో అది గడీ ముందర నిలబడితే కడిగే మనిషి వేరు, చలికాలం పొద్దున స్టార్టు కాకపోతే నెట్టే మనుషులు వేరు. వాళ్ళకు కూలి లేదు, అది వెట్టి కిందికే వచ్చేది. ముందు సీట్లో కూర్చున్న వాళ్ళ ఫొటోలు ఆల్బముల్లో ఉన్నాయి. వెనక నుంచి నెట్టినవాళ్ళలో ఒకాయన ఈ మధ్యదాకా ఉన్నాడు. పెద్దనాయిన కారు కొన్న రోజున ఆయన వచ్చి, ఎవరూ రమ్మనకుండానే వెనక సీట్లో కూర్చుని, కాసేపుండి దిగిపోయాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు.

పెద్దనాయిన దాన్ని కిరాయికి నడిపాడు. అప్పటికి వీర్నపల్లి ఎల్లారెడ్డిపేట మండలంలో ఒక అడివంచు ఊరు, చుట్టూ తండాలు, అవతల మోదుగు, తునికి, ఇప్ప చెట్లు. మండలం అయింది 2016లోనే, సిరిసిల్ల జిల్లాతోపాటు. పెండ్లి పిల్లగాణ్ణి తీసుకుపోవడం, వేములవాడ రాజన్నకు మొక్కులు, దుబాయి పోయేవాళ్ళను పెట్టె తాళ్ళతో సహా సాగనంపడం, వేసవిలో తునికాకు కల్లాల దగ్గరికి సేటును చేర్చడం, ఇవీ దాని పనులు. ముందు బెంచీ సీటు మీద నలుగురు, గేరు కర్ర స్టీరింగ్ పక్కన ఉంటుంది కాబట్టి మోకాళ్ళకు అడ్డం లేదు. వెనక అయిదుగురు, ఒళ్ళో పిల్లలు లెక్కలోకి రారు. లోపల వాసన రెక్సిన్‌ది, బీడీలది, బంతిపూల దండలది, ఎవరో ఒకరు కక్కుకున్నదాన్ని కడిగిన తర్వాత మిగిలే పుల్లటిది.

ఇంకొక పని ఉండేది. నొప్పులొచ్చిన ఆడమనిషిని సిరిసిల్లకు, అక్కడ కాదంటే కరీంనగర్‌కు చేర్చడం. ఈ కారు వల్ల బతికినవాళ్ళున్నారు, వాళ్ళ పిల్లలు ఇప్పటికీ ఎదురైతే పెద్దమ్మకు దండం పెడతారు. వాన రాత్రి డిస్ట్రిబ్యూటర్ మూతలో తేమ పట్టి స్టార్టు కాకపోతే, లాంతరు వెలుగులో మూత విప్పి, ధోతి అంచుతో తుడిచి, పొయ్యి మీద వెచ్చబెట్టి మళ్ళీ బిగించేసరికి అవతల ఏడుపు మొదలైన రాత్రులూ ఉన్నాయి; వాటి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలైంది. ఒక మనిషి కారు మీద, ఆ మనిషి మంచితనం మీద, ఆ కారు కండెన్సర్ మీద ఒక తండా ప్రాణాలు ఆధారపడే కాలం దానితో పోయింది. దాన్ని తలచుకుని బెంగపడేవాడెవడైనా ఉంటే వాడు ఆ రాత్రుల్లో వీర్నపల్లిలో లేడని అర్థం.

రాత్రి కిరాయిలకు ఇంకో తతంగం ఉండేది. పోలీసుల దగ్గరికొచ్చేసరికి ముందు లైట్లు తగ్గించి లోపలి బల్బు వేయాలి, మనుషుల ముఖాలు కనిపించాలి. అడివి దారిలో అన్నలు ఆపితే బల్బు ఆర్పాలి, ముఖాలు చూడకూడదు. ఎవరు ఎక్కమన్నా ఎక్కించుకోవాలి, ఎవరు అడిగినా ఎక్కించుకోలేదని చెప్పాలి. ఆ చిన్న బల్బు స్విచ్చు, తలుపు పైన తెల్లగా, వేలిముద్రలతో అరిగిపోయి, ఇప్పటికీ ఉంది. సిరిసిల్ల సందుల్లో మగ్గాల చప్పుడు తెల్లవార్లూ వినిపించే రోజుల్లో, మా ఊరి పొలిమేరలో కారు చప్పుడు వినపడితే దీపాలు ఆరిపోయేవి.

కారు ఆగిపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. 1994లో టాటా సుమో వచ్చింది, డీజిలు మీద పదిమందిని మోసింది. పెట్రోలు ఇంజన్ దించేసి మాటడోర్ డీజిల్ ఇంజన్ ఎక్కించుకున్నవాళ్ళు ఇంకొన్నేళ్ళు నెట్టుకొచ్చారు. పెద్దనాయిన ఒప్పుకోలేదు, ఎందుకొప్పుకోలేదో చెప్పలేదు. ఇంజన్ బోరుకొచ్చింది, తెల్లపొగ నీలమైంది, ప్లగ్గులు వారానికోసారి ఆయిలు పట్టసాగాయి. చేయిద్దాంలే అనుకున్నారు. పత్తి డబ్బులొచ్చాక చేయిద్దాం, బిడ్డ పెండ్లయ్యాక చేయిద్దాం. ఆయన పోయాడు.

దాన్ని విప్పాలని నాకెందుకు పుట్టిందో కచ్చితంగా చెప్పలేను. పంతులు ఉద్యోగం అయిపోయింది, మా అక్క కొడుకు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చాడు, వాడక్కడ పెద్ద జనరేటర్ల దగ్గర పనిచేస్తాడు, ఊరికే ఉండలేడు. నేను జీవితంలో ఏ ఇంజనూ విప్పినవాణ్ణి కాదు. చిన్నప్పుడు పాత్ర ముందు కూర్చుని నట్లు కడగడమే నా చదువు. సిరిసిల్లలో రేకుల షెడ్డు మూసేసి ఇంటిపట్టున ఉన్న ముసలి ఉస్తాద్‌ను బతిమాలి తెచ్చుకున్నాం. కుర్చీలో కూర్చుంటాను, స్పానరు పట్టుకోను, అన్నాడు. మొదటి గంటలోనే పట్టుకున్నాడు.

కడగడానికి గ్యాసునూనె లేదు. ఒకప్పుడు రేషను దుకాణంలో నీలం రంగుతో వచ్చేది, అది లాంతర్లకు ఎంత పోయిందో ఇంజన్ల కడుగుడుకూ అంత పోయింది. ఇప్పుడు డీజిలుతో కడిగాం, చేతులకు రెండురోజులు వదలదు. తుడవడానికి వేస్టు దారం తెచ్చాడు మా మేనల్లుడు. సిరిసిల్ల మరమగ్గాల కింద రాలిన తుక్కు దారమే జిల్లాలోని మెకానిక్కులందరి తుడుపుగుడ్డ. నూలు దారం ఉండలు చుట్టి అమ్మేవాళ్ళు, నూనెను గుటకలు వేసినట్టు పీల్చేవి. ఇప్పుడు మగ్గాల మీద ఎక్కువగా పాలిస్టరే, ఈ దారం నూనెను పీల్చదు, ఇటునుంచి అటు పూస్తుంది. ఉస్తాద్ ఒక ఉండ చేతిలో నలిపి చూసి పక్కన పడేశాడు. ‘అమ్మను అడుగు సారూ, పాత లుంగీలుంటయి.’

ముందు ప్లగ్గులు తీసి, నాలుగు రంధ్రాల్లో డీజిలూ ఇంజన్ ఆయిలూ కలిపి పోసి వదిలేశాం. ఇంజన్ ఏ స్థితిలో ఆగిందో ఆ స్థితిలో ఏదో ఒక సిలిండర్ వాల్వు తెరిచే ఉంటుంది, ఆ దారిన ఇన్ని వానాకాలాల తేమ లోపలికి పోయి అక్కడ తుప్పు కట్టి పట్టేస్తుంది. మాది మూడోది. గాలి వడపోత డబ్బాలో ఎలుకలు వరిపొట్టు, చీర పీలికలు, నా పెద్దనాయిన బిల్లు పుస్తకంలోని కాగితాలు కలిపి ఇల్లు కట్టుకున్నాయి. సైలెన్సర్ గొట్టంలో కందిరీగల మట్టి గూళ్ళు. రేడియేటర్లో మా బోరుబావి ఉప్పునీళ్ళ సున్నం గడ్డకట్టి ఉంటే, ఇత్తడి తొట్టిని మా పెద్దమ్మ చింతపండుతో తోమింది, ఆవిడకు తెలిసిన పని అదొక్కటే కాబట్టి అదొక్కటే ఈ మొత్తం పనిలో తడబాటు లేకుండా జరిగింది.

హాండిల్ పెట్టి కదిలించడానికి నేను వంగితే ఉస్తాద్ అరిచాడు. ‘బొటనేలు తియ్యి సారూ, నాలుగు వేళ్ళ పక్కకే పెట్టు. ఎదురు తంతే మణికట్టు పోతది.’ చచ్చిన ఇంజన్ ఏం తంతుందని మా అల్లుడు నవ్వాడు. కానీ ఆ అలవాటు వేళ్ళకుండాలి. ఆ రోజుల్లో హాండిల్ కొట్టి ముంజేయి విరగ్గొట్టుకున్న డ్రైవర్లను సంతలో దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు ఆ కట్టు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

కొన్ని రోజులు నానాక, టాప్ గేర్లో పెట్టి ముందుకూ వెనక్కూ ఊపగా ఊపగా, లోపల ఎక్కడో చిన్నగా టిక్కుమంది. హెడ్డు లేపాం. రాగి అంచుల గాస్కెట్ ముక్కలై వచ్చింది. మసి గీకితే పిస్టన్ తలల మీద అంకెలు బయటపడ్డాయి: 030. అంటే ఇది విప్పని ఇంజన్ కాదు. కంపెనీ బోరు 73 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా గోడలను పదేసి తౌ చొప్పున పెద్దచేసి, దానికి తగ్గ లావు పిస్టన్లు వేస్తారు, టెన్, ట్వెంటీ, థర్టీ, ఫార్టీ. తౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు. అంటే మా కంటే ముందే దీన్ని విప్పి ఉన్నారు, ఒకసారో రెండుసార్లో, దొరల కాలంలోనో పెద్దనాయిన కాలంలోనో. నేను మొదటిసారి అనుకుంటున్నది నాకే మొదటిసారి.

కనెక్టింగ్ రాడ్లు బయటికి తీశాక ఉస్తాద్ ఒకదాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. ఏ రాడ్డు ఏ సిలిండర్‌దో మరిచిపోకుండా పక్కన పంచ్‌తో చుక్కలు కొడతారు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఈ చుక్కలు వరుసగా లేవు, నాలుగు చుక్కలు కొట్టిన చోట డబ్బా ఆకారంలో ఉన్నాయి. ఇట్లా కొట్టే మనిషి కామారెడ్డి రోడ్డు మీద ఒక్కడే ఉండేవాడని, తనకు పని నేర్పినవాడు కాదు గానీ తన పని చెడగొట్టిన పోటీవాడని, మాట తిన్నగా ఉండదని, అప్పు తీర్చడని, కానీ మెటల్స్ గీకడంలో చెయ్యి చాలా సన్నమని చెప్పాడు. ఆయన పోయి ఏళ్ళయింది. షెడ్డు స్థలంలో ఇప్పుడు మొబైల్ దుకాణం. ఆ తిట్లు విని మా అల్లుడు రాడ్లను ఇంకాస్త జాగ్రత్తగా కింద పెట్టాడు.

నేను అప్పటిదాకా పోయినవాటి పట్టీ ఒకటి మనసులో రాసుకుంటూ ఉన్నాను: గ్యాసునూనె, నూలు వేస్టు, బిల్లు పుస్తకం. ఆ చుక్కల ముందు ఆ పట్టీ తేలిపోయింది. వస్తువులు పోతే ఇంకోటి వస్తుంది. ఒక పనిముట్టును విప్పగానే అంతకుముందు దాన్ని విప్పినవాడి చెయ్యి, కోపం, తొందర, నిక్కచ్చితనం లోపల కనపడటం పోయింది. ఇప్పటి బండ్లు తొందరగా విప్పాల్సిన పని లేదు, అదే వాటి గొప్ప. విప్పినా అందులో ఎవరి చేతిరాతా ఉండదు. ఉస్తాద్ మనవడు బీఎస్6 బండ్లకు స్కానర్ తగిలించి తప్పేమిటో తెరమీద చదువుతాడు, తాతకంటే తొందరగా, తాతకంటే తక్కువ అబద్ధాలతో. మా చిన్నప్పటి మెకానిక్కుల్లో సగం మంది ఊహించి విప్పేవాళ్ళు, విప్పాక మిగిలిన నట్టును జేబులో వేసుకునేవాళ్ళు. అది కూడా మరిచిపోకూడదు.

బోరింగ్ చేసే మిషన్ కోసం జిల్లా అంతా అడిగాం. ట్రాక్టర్లకు ఇప్పుడు లైనర్లు మార్చేస్తారు, కార్లకు ఇంజనే మార్చేస్తారు. చివరికి కరీంనగర్‌లో ఒక వెనక సందులో ఒకాయన దొరికాడు. బ్లాకును బిగించి, నిలువుగా దిగే ఉలితో సన్నగా గీస్తాడు, బూడిద రంగు పొడి రాలుతుంది, పోతపోసిన ఇనుముకు నూనె పెట్టడు. తర్వాత రాళ్ళతో హానింగ్ చేసి గోడల మీద అడ్డగీతలు తెప్పిస్తాడు, రింగులకు ఆయిలు నిలిచేది ఆ గీతల్లోనే. ‘ఇగ ఫార్టీకి పోవుడే’ అన్నాడు. ‘దీనెన్క సైజు లేదు. మళ్ళ అరిగితే స్లీవులు దించాలె.’ ఫార్టీ అంటే కంపెనీ బోరుకు ఒక మిల్లీమీటరు ఎక్కువ. ఒక కారు ఆయుష్షు మొత్తం ఆ మిల్లీమీటరులో అయిపోతుందన్నమాట.

సామాను వెతకడం గురించి చెబితే ఇంకో వ్యాసమవుతుంది, అది విసుగు వ్యాసం. పిస్టన్లు దొరికాయి, గాస్కెట్లు దొరికాయి. నన్ను ఆపింది చిన్నది, వాల్వు సీట్లు. పాత ఇంజన్ల వాల్వులు పెట్రోలులోని సీసాన్ని నమ్ముకుని బతికేవి, అది మెత్తగా పూతలా నిలిచేది. 2000 మొదట్లో దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. పిల్లల మెదళ్ళకు ఆ సీసం ఎంత చెరుపో తెలిశాక దానికోసం ఏడవలేం. వాల్వుల కోసం గట్టి సీట్లు వేయించాం. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది పాత రబ్బరు పైపులను ఉబ్బించి తినేస్తుంది, కాబట్టి అవన్నీ మార్చాం. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపు రంగు రోల్స్ రాయిస్ ఒకటుంది, 1912 నాటిది, దాన్ని బాగుచేసి చూసేవాళ్ళకోసం పెట్టారు. దానికి ఈ బాధలు లేవు, దాన్ని ఎవరూ వేములవాడకు తీసుకుపోరు.

వాల్వులు రుద్దడం నాకిచ్చారు. సీటు మీద పేస్టు పూసి, కర్రను అరచేతుల మధ్య పెట్టి, బూడిదరంగు గీత చుట్టూ తెగకుండా కనిపించేదాకా తిప్పడం. పుష్‌రాడ్లను అట్టముక్కకు బెజ్జాలు చేసి వరుసగా గుచ్చాం, ఎక్కడిది అక్కడికే పోవాలి. టాపెట్లు పెట్టేటప్పుడు ఉస్తాద్ పుస్తకం లేకుండా చెప్పాడు, ఒకటో వాల్వు దిగితే ఎనిమిదో దాన్ని పట్టు, రెండోది దిగితే ఏడు, మూడోది దిగితే ఆరు. ఎట్లా చూసినా తొమ్మిది. లెక్కల పంతుల్ని, నాకది తట్టడానికి మూడోదాకా పట్టింది. సంతకం కూడా తిన్నగా పెట్టలేని ఆయనకది ఎవరు చెప్పారంటే, చెప్పలేదు, చెంప మీద కొట్టారు, అన్నాడు. పన్నెండేళ్ళ వయసులో షెడ్డులో చేరాడు. ఆ పాఠశాలకు నేను ఏ దండం పెట్టలేను. ఫీలర్ గేజ్‌లో పదిహేను తౌ రేకు సన్నగా బిగుసుకుంటూ జారాలి, ఆ బిగువు మాత్రం ఆయన నా వేలిని పట్టుకుని నేర్పాడు, కొట్టలేదు.

స్టార్టు అయింది. ఒకటి, మూడు, నాలుగు, రెండు, ఆ వరుసలో ప్లగ్గు వైర్లు పెట్టి, కార్బురేటర్లో చెంచాడు పెట్రోలు పోసి, స్విచ్చు తిప్పితే మొదట దగ్గింది, సైలెన్సర్లోంచి మట్టి కక్కింది, తర్వాత నిలబడింది. కొట్టం నిండా నీలం పొగ. పెద్దమ్మ బయటికొచ్చి, ‘గంత చప్పుడేందిరా’ అంది. జనం వచ్చారు, ఫోన్లు పట్టుకుని. ఒక పిల్లవాడు ఏసీ ఉందా అని అడిగాడు, లేదంటే వెళ్ళిపోయాడు. నాకు గొంతు పట్టేస్తుందనుకున్నాను, పట్టలేదు. ఆయిలు ప్రెషర్ ముల్లు మీదే కళ్ళున్నాయి. క్రాంక్ వెనక చివర బొట్టుబొట్టుగా ఆయిలు కారింది, ఆ ఇంజన్‌కు అక్కడ సరైన సీలే ఇవ్వలేదు, కొత్తప్పుడూ కారేది.

దాన్ని రోడ్డెక్కించడం వేరే సంగతి. ఆర్సీ పెద్దనాయిన పేరు మీద ఉంది, గడువు ఎప్పుడో తీరింది, వారసుల సంతకాలు కావాలి, ఫిట్‌నెస్ కావాలి. ఒకాయన సినిమా షూటింగులకు కిరాయికిస్తానని ఫోను చేశాడు, ఎనభైల నాటి నక్సలైట్ల కథట. పెద్దమ్మ ముందర ఆ మాట నేను ఎత్తలేదు.

ఈ లోపల బోరింగ్ ఆయన ఫోను వచ్చింది. కొడుకు హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు, ఈయన మిషన్ పాత ఇనుము కింద అమ్ముతున్నాడు. ‘దసరా లోపట ఏమన్న ఉంటే తెచ్చుకోండ్రి సారూ, అటెన్క నేనుండ.’ మా అల్లుడు వెంటనే బాయిగడ్డ మీది ఆయిలింజన్ సంగతి గుర్తుచేశాడు. కరెంటు మోటరు రాకముందు మూడు మళ్ళకు నీళ్ళు తోడిందది, తుమ్మచెట్టు వేళ్ళలో సగం పూడిపోయి ఉంది. దాన్ని తవ్వితీయాలంటే ముగ్గురు అన్నదమ్ముల పిల్లలం ఒప్పుకోవాలి, అందులో ఇద్దరికి గట్టు తగాదా ఉంది, నాలుగేళ్ళుగా మాటల్లేవు. నిన్న పెద్దవాడి దగ్గరికి పోయాను. ఇనుము కింద అమ్మితే ఎంతొస్తుందని అడిగాడు, నా వాటా ముందే తీసిపెట్టమన్నాడు.